మల్టిపుల్ స్క్లెరోసిస్: త్వరగా పట్టాలి, సరిగ్గానూ పట్టాలి



మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే మెదడు, వెన్నుపాము, కంటి నరాల మీద తిరగబడుతుంది. నరాల చుట్టూ ఉండే మైలిన్ పొర అక్కడక్కడా దెబ్బతిని మచ్చలు పడతాయి. 1868లో పారిస్ వైద్యుడు షార్కో ఈ మచ్చలకూ రోగిలో కనిపించే లక్షణాలకూ ఉన్న సంబంధాన్ని విడమరచి చెప్పాడు. జబ్బు ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య మొదలవుతుంది. మగవారికంటే ఆడవారిలో కనీసం రెండింతలు ఎక్కువ. మొదటి ఏళ్లలోనే మందు పడితే దాడులు తగ్గుతాయి, వైకల్యం రావడం ఆలస్యమవుతుంది. పోయిన నరాన్ని తిరిగి తెచ్చే మందు మాత్రం ఇంకా లేదు.

ఆలస్యానికి అసలు కారణం మొదటి దాడి దానంతటదే తగ్గిపోవడం. ఒక కంటికి రెండు మూడు రోజుల్లో చూపు మసకబారుతుంది, కనుగుడ్డు తిప్పితే నొప్పి. ఎర్ర పెన్ను మూతను ఒక్కో కన్ను మూసి చూస్తే ఆ కంటికి రంగు వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. కొన్ని వారాలకు చూపు తిరిగొస్తుంది, ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఏడాదో రెండేళ్లో గడిచాక నడుము కింద తిమ్మిరి మొదలవుతుంది. తల వంచగానే వెన్ను వెంట కరెంటు కొట్టినట్టవుతుంది. ఈసారి వైద్యుడు వేరు, పాత కంటి సంగతి ఆయన అడగడు, రోగికి చెప్పాలని తోచదు. మన ఊళ్లలో దీనికి ‘నరాల బలహీనత’ అన్న పేరు సిద్ధంగా ఉంటుంది, బీకాంప్లెక్స్ ఇంజెక్షన్లు మొదలవుతాయి. తిమ్మిరి దాని దారిన అది తగ్గితే పేరు సూదికో, పసరు మందుకో వస్తుంది. లోపల మచ్చలు మాత్రం పెరుగుతూనే ఉంటాయి.

అందువల్ల మొదటి అవకాశం చాలాసార్లు కంటి వైద్యుడి చేతిలోనే ఉంటుంది. అమెరికాలో ఇలా కంటి నరం వాపు వచ్చినవారిని 15 ఏళ్లపాటు గమనించిన అధ్యయనం ఒకటుంది. మొదటి ఎంఆర్ఐలో మెదడు శుభ్రంగా ఉన్నవారిలో 25 శాతం మందికి, ఒక్క మచ్చయినా ఉన్నవారిలో 72 శాతం మందికి తరవాత మల్టిపుల్ స్క్లెరోసిస్ వచ్చినట్టు తేలింది. ఇంత తేడాను ముందే చూపించే పరీక్ష చేయించకుండా, చూపు వచ్చిందిగా అని ఇంటికి పంపడం సరికాదు.

దీనికి ఎదురు తప్పు తొందరపాటు. ఎంఆర్ఐ రిపోర్టులో ‘డీమైలినేషన్ (మైలిన్ దెబ్బతినడం) కావచ్చు’ అన్న ముక్క కనబడగానే జబ్బు ఖాయమనుకుంటారు. మైగ్రేన్, బీపీ, షుగర్, పైబడిన వయసు కూడా మెదడులో తెల్ల మచ్చలు తెస్తాయి. 2001లో వెలువడి, తరవాత పలుమార్లు సవరించిన మెక్‌డొనాల్డ్ ప్రమాణాలు ప్రధానంగా రెండు రుజువులు అడుగుతూ వచ్చాయి: మచ్చలు నాడీవ్యవస్థలో వేర్వేరు చోట్ల ఉండాలి, వేర్వేరు కాలాల్లో పడి ఉండాలి. వెన్ను నీటిలో ఆలిగోక్లోనల్ బ్యాండ్లు అనే ప్రోటీన్ చారలు కనిపిస్తే రెండో రుజువుకు బదులుగా తీసుకోవచ్చని 2017 సవరణ చెప్పింది. కంటి నరాన్ని కూడా ఒక స్థానంగా లెక్కించడం, మచ్చ నడుమ సన్నని సిర ఉందేమో చూడడం 2024 సవరణతో చేరాయి. ఇంతకంటే సరిపోయే మరో కారణం లేదని తేల్చుకోవాలన్న షరతు మాత్రం అలాగే ఉంది. అన్నిటికంటే ముఖ్యమూ అదే.

దాడులను లెక్కపెట్టడంలోనూ పొరపాట్లు జరుగుతాయి. మన మే నెల ఎండకో, జ్వరానికో, వేడినీళ్ల స్నానానికో పాత లక్షణాలు కాసేపు తిరగబెడతాయి. ఒళ్లు చల్లబడగానే పోతాయి. ఇది కొత్త దాడి కాదు. జ్వరం లేకుండా కనీసం 24 గంటలు నిలిచినదాన్నే దాడిగా లెక్కించాలి.

భారతదేశంలో తప్పనిసరిగా విడదీసి చూడవలసింది న్యూరోమైలిటిస్ ఆప్టికా అనే మరో జబ్బును. ఇదీ కంటినీ వెన్నుపామునీ కొడుతుంది. అయితే వెన్నులో మచ్చ సాధారణంగా మూడు వెన్నుపూసలకు తగ్గకుండా పొడవుగా ఉంటుంది. ఈ రోగుల రక్తంలో దొరికే యాంటీబాడీని 2004లో గుర్తించారు, అది ఆక్వాపోరిన్-4 అనే ప్రోటీన్ మీద పనిచేస్తుందని మరుసటి ఏడాది తేలింది. మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు వాడే ఇంటర్ఫెరాన్, ఫింగోలిమోడ్ లాంటి మందులు దీన్ని ముదిరిపోయేలా చేయగలవు. పేరు తప్పితే మందే విషమవుతుందన్నమాట. కాబట్టి కంటి వాపు తీవ్రంగా ఉన్నా, వెన్నులో పొడవాటి మచ్చ కనిపించినా, మందు ఎంచుకునే ముందే ఆక్వాపోరిన్-4, మాగ్ (MOG) యాంటీబాడీ పరీక్షలు చేయించాలి. సెల్-బేస్డ్ పద్ధతిలో చేస్తే ఫలితం మరింత నమ్మదగినది. బీ12 లోపం, క్షయ, సిఫిలిస్, లూపస్ కూడా ఇలాంటి వేషాలే వేస్తాయి. బీ12 పరీక్షకు రక్తం సూది మందు పడకముందే తీయాలి, పడ్డాక అంకె పెరిగిపోయి లోపం దాగిపోతుంది.

వికలాంగుల హక్కుల చట్టం 2016 మల్టిపుల్ స్క్లెరోసిస్‌ను వైకల్యాల జాబితాలో చేర్చింది. ఆ చట్టం కింద దొరికే సాయం వైకల్యం వచ్చాక అందేది. అది రాకముందే పనికొచ్చే మెదడు, వెన్నుపాము ఎంఆర్ఐ, వెన్ను నీటి పరీక్ష, యాంటీబాడీ పరీక్ష ప్రతి బోధనాసుపత్రిలో పేదలకు ఉచితంగా అందాలి. కంటి విభాగం నుంచి న్యూరాలజీకి రోగిని పంపే పద్ధతి రాతపూర్వకంగా ఉండాలి. రోగి చేతి చీటీలో ఏ కన్ను, ఏ నెల, ఎన్నాళ్లు అన్న మూడు సంగతులూ నమోదు కావాలి.

— ఒక పాఠకురాలు, హనుమకొండ