బార్కస్‌లో ఎవరిని అడుగుతున్నాం?
‘దవాఖానా ఇంటి దగ్గరుంటే మంచిదేనా?’ అంటే కాదనేదెవరు? హైదరాబాద్‌లో 2018లో మొదలైన బస్తీ దవాఖానాల నుంచి జనం ఏం కోరుతున్నారో ఇలాంటి ప్రశ్నలతో తెలియదు. రెండు చీటీలు ముందుంచాలి: ఇంటి పక్కనే ఉన్నా సాయంత్రానికే మూసేసే దవాఖానా ఒకటి, ఆటో ఖర్చయినా రాత్రిదాకా లేడీ డాక్టరుండేది ఇంకొకటి. ఒక్కటే ఎంచుకోమనాలి. చీటీలు మార్చి మార్చి అడిగితే, దేనికోసం దేన్ని వదులుకుంటారో తేలుతుంది. ఈ లెక్కకు పునాది వేసిన డేనియల్ మెక్‌ఫాడెన్‌కు 2000లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. కానీ నిజాం సైన్యంలో చేరిన యెమెన్ అరబ్బుల వారసులుండే బార్కస్‌లో ఆ చీటీ దక్కనీ ఉర్దూలో ఉండాలి. ఆడవాళ్లను ఆడవాళ్లే అడగాలి. గుమ్మంలో నిలబడ్డ మగవాడి జవాబును ఇంటిల్లిపాది ఇష్టంగా రాసుకోవడం అన్యాయం.