పన్ను పెంచకుండానే రైతును ముంచారు

చైనా సామ్రాజ్యాన్ని తెల్లవాళ్ల ఫిరంగులే కూల్చాయని బడిలో చదువుకున్నాం. అది సగం నిజమే.

చింగ్ రాజుల కాలంలో పంట అమ్మితే రైతు చేతికొచ్చేవి రాగి నాణేలు. శిస్తు లెక్క మాత్రం వెండిలో. బ్రిటిష్ వర్తకులు నల్లమందు దించి వెండిని తోడుకుపోయారు. ఒకప్పుడు సుమారు వెయ్యి నాణేలకు దొరికిన టేల్ వెండి, అంటే మూడు తులాల పైచిలుకు, 1840ల చివరికి రెండు వేలు దాటింది. శిస్తు పెంచలేదు, రైతు కట్టింది మాత్రం రెట్టింపు! ఆపైన గుమాస్తాల మామూళ్లు.

ఆ నల్లమందు పండించిందెవరు? మన బీహార్, బనారస్ రైతులు. కంపెనీ అడ్వాన్సులిచ్చి కట్టేసి, తను పెట్టిన ధరకే తీసుకుంది. ఇక్కడి రైతును పిండి అక్కడి రైతును ముంచారు.

1842లో ఓడిన రాజు 2.1 కోట్ల వెండి డాలర్లు చెల్లిస్తానని ఒప్పుకున్నాడు. భారం జనం మీద పడింది. 1851లో తైపింగ్ తిరుగుబాటు లేచింది. భూమి పంచుతామన్నారు, పంచలేదు. నాయకులు నాన్‌కింగ్‌లో రాజభవనాలు కట్టుకున్నారు. 1864 నాటికి రెండు కోట్ల మంది బలయ్యారని అంచనా. 1912లో సింహాసనమే పోయింది.

మేమనేది ఒక్కటే. రైతును తిన్న రాజ్యాన్ని ఏ కోటా కాపాడదు. రైతు పేరు చెప్పి మేడలెక్కినవాణ్నీ నమ్మొద్దు. కాగితం మీది రేటు కాదు, మన జేబులోంచి పోయింది లెక్కేద్దాం.