గాలం వేటకు గిట్టుబాటు ఏది?
ఇంట చేసిన ఎరలే పెట్టుబడి - ప్రాణాలకు తెగించి వేట - ధర మాత్రం ఒడ్డున బేరగాడిది

పూడిమడక (అచ్యుతాపురం మండలం): అనకాపల్లి జిల్లా తీరంలో వలతో పాటు గాలాన్ని కూడా నమ్ముకున్న కుటుంబాలు అనేకం ఉన్నాయి. వల చిరిగితే మళ్లీ కొనడానికి అప్పు చేయాలి. గాలానికి అంత మదుపు అక్కరలేదు. నైలాన్ దారం, గాలపు ముల్లు, కాస్త సీసం, రంగు దారాలు ఉంటే ఎర ఇంట్లోనే తయారవుతుంది. అయినా ఈ వేటనే నమ్ముకున్న మత్స్యకారుడు ఎందుకు బాగుపడడం లేదన్నది ఆలోచించవలసిన విషయం.

చేపను మోసగించే ఎర

చచ్చిన చేప ముక్కను గాలానికి గుచ్చడం ఒక పద్ధతి. అసలు ఎరే లేకుండా, ఎర వంటి బొమ్మతో చేపను పట్టడం రెండో పద్ధతి. సీసాన్ని కరిగించి వేలెడు పొడుగున గుండుగా పోస్తారు. దానికి ముల్లు బిగిస్తారు. ముల్లు చుట్టూ రంగు రంగుల నైలాన్ పోగులో, కోడి ఈకలో, తళతళలాడే ప్లాస్టిక్ పీలికలో కుచ్చుగా కడతారు. నీటిలో లాగుతుంటే ఆ కుచ్చు చిన్న చేప ఈదుతున్నట్లు ఆడుతుంది. సూర, వంజరం వంటి చేపలు వేగంగా పోయే చిన్న చేపలను తరిమి తినేవి గనుక, కదిలే పడవ వెనుక లాగే ఈ ఎరకు తేలికగా పడతాయి.

కందవాయికి మాత్రం వేరే తయారీ కావాలి. అది ఎరను నోటితో మింగదు, చేతులవంటి కాళ్లతో చుట్టి పట్టుకుంటుంది. అందువల్ల దాని ఎరకు అడుగున ఒకే పెద్ద ముల్లు కాక, కిరీటంలాగా సూదుల వరుస ఉంటుంది. దారాన్ని పైకీ కిందికీ కుదుపుతూ ఉండడమే ఇందులోని నేర్పు. దారం వదులైతే సూదులకు చిక్కినది జారిపోతుంది.

చేప పిల్లకు ఈత నేర్పనక్కరలేనట్లే మన మత్స్యకారులకు ఈ విద్య ఒకరు నేర్పవలసింది కాదు. ఎంత లోతుకు ఎంత బరువు కావాలో, ఏ నీటి రంగుకు ఏ కుచ్చు పనికివస్తుందో వారికి తెలుసు. వారి చేతిలో లేనివి వేరే ఉన్నాయి.

సీసంతో జాగ్రత్త

మొదటిది ఆరోగ్యం. సీసం 327 డిగ్రీల వేడికే కరుగుతుంది గనుక వంట పొయ్యి మీదనే కరిగించే అలవాటు ఉన్నది. దాని పొగ, ధూళి ఒంట్లో చేరితే పెద్దలకూ హానే. పసిపిల్లల మెదడుకు మరీ చేటు. గర్భిణులు ఆ దరిదాపుల ఉండరాదు. సీసం కరిగించిన గిన్నెను మళ్లీ వంటకు వాడరాదు. పని ఆరుబయట, గాలి వీచే వైపు నిలబడి చేసుకోవాలి. అచ్చులో తడి ఉంటే కరిగిన సీసం చిమ్మి కళ్లు, ఒళ్లు కాలుతాయి. పని కాగానే చేతులు సబ్బుతో కడగాలి. ఇనుప బోల్టులు, నట్లు, కడ్డీ ముక్కలు కూడా బరువుగా పనికివస్తాయి. అదే బరువుకు అవి సీసం కన్నా కొంచెం లావుగా ఉంటాయి, అంతే తేడా.

కొమ్ము కోనాంతో గండం

రెండవది ప్రాణభయం. 2022 ఫిబ్రవరిలో పరవాడ మండలం ముత్యాలమ్మపాలెం మత్స్యకారుడొకరు కొమ్ము కోనాం పొడవడంతో మరణించారు. 2025 జులైలో పూడిమడక మత్స్యకారుణ్ణి గాలానికి పడిన కొమ్ము కోనాం సముద్రంలోకి లాక్కుపోయింది. పడవలో ఒక మనిషి, దారానికి అవతల మనిషిని మించిన బరువు గల చేప. ఇక్కడ బలం కన్నా జాగ్రత్త ముఖ్యం. దారాన్ని చేతికి చుట్టుకోరాదు. పడవలో పడి ఉన్న దారపు చుట్టలలో కాలు పెట్టరాదు. చేతికందే చోట పదునైన కత్తి ఉంచుకుని, చేప లొంగకపోతే దారం కోసివేయడానికి వెనుకాడరాదు. చేప పోతే మరొకటి దొరుకుతుంది. లైఫ్ జాకెట్ వేసుకున్నవాడికి నీట పడినా బతికే అవకాశం ఉంటుంది.

ఐసు లేకపోతే ధర లేదు

మూడవది ధర. గాలానికి పడిన చేప వలలో నలిగిన చేపలాగా ఉండదు, ఒళ్లు చెడకుండా వస్తుంది. దానికి ఎక్కువ ధర రావడం న్యాయం. కాని సూర చేపను పట్టిన వెంటనే ఐసులో పెట్టకపోతే మాంసంలో హిస్టమిన్ అనే పదార్థం పుడుతుంది. అది వండినా పోదు. తిన్నవారికి ఒళ్లు ఎర్రబడి, తలనొప్పి, దద్దుర్లు వస్తాయి. అందుకే ఎగుమతి వ్యాపారులు ఐసులో ఉంచని సూరను ముట్టరు. చిన్న పడవలో ఐసు పెట్టె లేదు, ఒడ్డున నిల్వ చేసే వసతి చాలదు. అప్పు ఇచ్చిన వ్యాపారి చెప్పిందే ధర అవుతున్నది. ఎర మన చేతిలో ఉన్నా, తూకం మన చేతిలో లేదు.

సర్కారు చేయవలసింది

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు ఇంజను పడవలకు వేట నిషేధం. ఇంజను లేని తెప్పలకు ఇది వర్తించదు గనుక ఆ రోజుల్లో తెప్ప, గాలం కొన్ని ఇళ్లకు తిండి పెడుతున్నాయి. నిషేధ కాలపు భృతిని రాష్ట్ర ప్రభుత్వం 2019లో 10 వేల రూపాయలకు, 2025లో 20 వేలకు పెంచింది. ఇది మెచ్చుకోదగ్గదే. అయితే భృతి రెండు నెలల మాట. మిగిలిన పది నెలల సంగతి కూడా చూడాలి.

విద్యుత్ దీపాల వెలుగుతో చేపలను పోగుచేసి పట్టడాన్ని కేంద్రం 2017లోనే నిషేధించింది. తీరం నుంచి 8 కిలోమీటర్ల వరకు సముద్రం సంప్రదాయ మత్స్యకారులదని రాష్ట్ర నిబంధన చెబుతున్నది. ఈ రెండూ గట్టిగా అమలైతే గాలం వేసేవాడికి చేప మిగులుతుంది. పెద్ద బోట్లు ఒడ్డు దాకా వచ్చి పిల్ల చేపలతో సహా ఊడ్చుకుపోతే, ఎంత నేర్పుగా కట్టిన ఎరైనా ఉత్త నీళ్లలోనే ఆడుతుంది.

గాలం వేటలో చేప ఒక్కొక్కటిగా పడుతుంది. అడుగు నేల చెడదు, అక్కరలేని చేప అంతగా చావదు. సముద్రాన్ని కాపాడే వేట ఏదన్నా ఉంటే ఇదే. కనుక చిన్న పడవలకు ఐసు పెట్టెలు, లైఫ్ జాకెట్లు రాయితీ మీద ఇప్పించాలి. తీర గ్రామాలలో ఐసు ఎప్పుడూ దొరికే ఏర్పాటు చేయాలి. మత్స్యకార సహకార సంఘాలు సూర, కందవాయి కొనుగోలుకు స్వయంగా ముందుకు రావాలి. మత్స్యశాఖ అధికారులు ఈ విషయమై శ్రద్ధ వహించవలసి ఉన్నది. సంఘాలలో సభ్యులైన వారు కూడా ఎన్నికలప్పుడే కాక, లెక్కలు చూసే రోజున సైతం సమావేశానికి వెళ్లి అడగవలసింది అడగాలి.