అసలు కడుపుకోత

బిడ్డ పోయిన తల్లి దుఃఖానికి తెలుగులో ఒక మాటుంది: కడుపుకోత. కథల్లో, సినిమాల్లో ఎన్నిసార్లు వాడామో లెక్కలేదు. నిజంగా కడుపు కోసి బిడ్డను తీసిన తర్వాత ఆ కోత ఏమైందో మాత్రం మనకు పట్టదు. చూడ్డానికి వచ్చినవాళ్ళు అడిగే ప్రశ్నలు చూడండి. ఆడా, మగా? ఎంత బరువు? నార్మలా, పెద్దాపరేషనా? పాలు పడుతున్నాయా? రెండు నెలలు తిరిగేసరికి, "ఇంకా పొట్ట తగ్గలేదేం?" కుట్లు ఎలా ఉన్నాయని అడిగే మనిషి ఉండదు.

ఇదేమన్నా ఒకరిద్దరి సంగతా? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశంలో ఇదే అత్యధికం. అక్కడి ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, దేశం మొత్తమ్మీద 21.5. ముహూర్తాల గురించి, బిల్లుల గురించి గొడవ పడుతున్నాం, పడాల్సిందే. కానీ ఆ గొడవంతా కత్తి పెట్టేవరకే. ఆ తర్వాత ఆ ఒంటితో బతకాల్సిన మనిషి అందులో లేదు.

చర్మం, కొవ్వు, కండరాల మీది గట్టి పొర, పొట్ట లోపలి పొర, గర్భసంచి. ఒక్కొక్కటీ తెరిచి మళ్ళీ మూసే పెద్ద ఆపరేషన్ ఇది. ఇంకే ఆపరేషన్ అయినా మనిషిని రోగిలా చూస్తాం. ఈమెకు మాత్రం ఆ రాత్రి నుంచే డ్యూటీ వేస్తాం.

ఇక పథ్యం. పప్పు తింటే చీము పడుతుందట. నీళ్ళు తాగితే పొట్ట వస్తుందట. గాయం మానడానికి కావాల్సిందే మాంసకృత్తులు, పాలిచ్చే ఒంటికి కావాల్సిందే నీళ్ళు. పాత పద్ధతిలో మంచి లేదనను. వంటింట్లోకి రానివ్వకపోవడం, ఎవరో ఒకరు దగ్గరుండి స్నానం చేయించడం అందులోవే. ఫ్లాట్ల కాపురాల్లో ఆ విశ్రాంతి పోయింది, ఆంక్షలు మాత్రం భద్రంగా మిగిలాయి.

ఇల్లు వదిలేసిన చోట మార్కెట్ దూరింది. మచ్చలు మాయం, చారలు మాయం, పెళ్ళినాటి ఒళ్ళు మళ్ళీ మీ సొంతం! ఏ క్రీమూ మచ్చను పూర్తిగా చెరిపేయలేదు. అది ఏడాదికో, ఇంకాస్త ఆలస్యంగానో తనంతట తాను పాలిపోతుంది. ముందు కావాల్సింది గాయం మానడం. కుట్లు పచ్చిగా ఉన్నంతకాలం నూనె, పసుపు, పౌడరు ఏదీ పెట్టకూడదు. శుభ్రంగా, పొడిగా ఉంచాలి. దగ్గొచ్చినా నవ్వొచ్చినా పొట్టకు దిండు అదుముకోవాలి. బిడ్డకన్నా బరువైనది ఎత్తకూడదు. ఎరుపెక్కినా, చీమో వాసనో వచ్చినా, కుట్టు విడినా, జ్వరం తగిలినా ఆరోజే డాక్టరుకి చూపించాలి. పూర్తిగా మానాక, డాక్టరు సరేనంటే, వేళ్ళతో మెల్లగా మర్దన చేసుకోవచ్చు. మచ్చ ఉబ్బుతుంటే సిలికాన్ పట్టీల గురించి అడగొచ్చు. చుట్టూ నెలల తరబడి తిమ్మిరిగా ఉండటం మామూలే. ఇంతే సంగతి. ఇది ఒక్క పేజీలో, తెలుగులో రాసి డిశ్చార్జి కాగితాలతో ఇవ్వడానికి ఆసుపత్రులకు ఏం అడ్డం?

"నార్మల్" అయినవాళ్ళ నోరు ఇంకా గట్టిగా మూశాం. చిరిగినచోట, కోసినచోట వాళ్ళకీ కుట్లుంటాయి. కూర్చోలేకపోయినా చెప్పుకోలేరు. ఆ చోటుకి నలుగురిలో పలకగల మాటే మనం ఉంచలేదు. సుఖప్రసవం అని పేరు పెట్టాక నొప్పి ఉందంటే ఎవరు నమ్ముతారు?

మొదటి రోజు తర్వాత మూడుసార్లు తల్లినీ చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది: రెండు మూడు రోజులకి, ఒకటి రెండు వారాల మధ్య, ఆరో వారంలో. ఆ ఆరో వారంలోనే బిడ్డకు టీకా. ఆ తేదీ చుట్టూ ప్రతి ఇంటి క్యాలెండర్‌లో ఎర్రగా సున్నా చుట్టి ఉంటుంది. పక్కనే తల్లి పేరు కూడా రాయండి. ఆ పని అమ్మమ్మకో అత్తగారికో వదిలేయకుండా, ఆ బిడ్డ తండ్రే రాయాలి.