గోడ మీద చిన్న కాగితం

ఫెమినిజం అన్న మాట వినగానే మనవాళ్ళలో సగంమంది మొహం అదోలా పెడతారు. మిగిలిన సగం "మా ఇంట్లో అంతా ఆవిడ రాజ్యమేనండీ" అని జోకు వేస్తారు. ఈ జోకు ఎన్ని పోట్లక్కుల్లో విన్నానో లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను. అందుకని ఈసారి పెద్ద మాటలు పక్కనపెట్టి, న్యూజెర్సీలో మేం కొందరం ఆడవాళ్ళం కలిసి చేస్తున్న ఒక చిన్న పని గురించి చెబుతాను.

ఇంట్లో దెబ్బలు తింటూనో, మాటలు పడుతూనో, చేతిలో డాలరు లేకుండా చేయబడో ఉన్న తెలుగు అమ్మాయికి ఫోనులో తెలుగులో మాట్లాడే మనిషి ఒకరు దొరికేలా చూడటం. అంతే మా పని. ఇదేమీ మేం కనిపెట్టింది కాదు. 1985లో ఇదే న్యూజెర్సీలో కొందరు దక్షిణాసియా స్త్రీలు కలిసి 'మానవి' పెట్టారు. 1989లో న్యూయార్కులో 'సఖి', 1995లో అట్లాంటాలో 'రక్ష', 1996లో హ్యూస్టన్లో 'దయ' వచ్చాయి. వాళ్ళు వేసిన బాట మీదే మేం నడుస్తున్నాం. మాకు ఆఫీసు లేదు. ఒకరి బేస్‌మెంటు, ఒక ఫోను, ఓ పదిమంది మనుషులు.

చేరినవాళ్ళకి ముందు నలభై గంటల శిక్షణ ఇస్తారు. "మీకు మాట్లాడటానికి కూడా ట్రైనింగా?" అని మావారు నవ్వారు. కష్టంలో ఉన్న ఆడపిల్లకి మన తెలుగువాళ్ళ దగ్గర రెండే సలహాలు ఉంటాయి. ఒకటి "సర్దుకుపో", రెండోది "వదిలేసి వచ్చెయ్". ఆ రెండూ అనకూడదని చెప్పడానికే సగం శిక్షణ సరిపోయింది. వదిలి వచ్చే సమయంలోనే ప్రమాదం ఎక్కువట. ఎప్పుడు కదలాలో ఆ అమ్మాయికి తెలిసినట్టు మనకి తెలియదు. అందుకే ఫోను ఎత్తగానే మేం అడిగే మొదటి ప్రశ్న, "ఇప్పుడు మాట్లాడటం నీకు క్షేమమేనా?" అని. అవతల మనిషి ఉన్నట్టుండి "సాంబారు పొడి ఉందా వదినా?" అంటే మేమూ సాంబారు పొడి గురించే మాట్లాడతాం. తిరిగి ఫోను చెయ్యమని చెబితే తప్ప చెయ్యం. మెసేజి పెట్టనే పెట్టం.

తరవాత వచ్చేది కాగితాల గొడవ. పాస్‌పోర్టు, ఐ-94, పెళ్ళి సర్టిఫికెట్టు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు ఎక్కడున్నాయో తెలుసుకోవడం, కాపీలు నమ్మకమైన చోట ఉంచుకోవడం. హెచ్-4 మీద వచ్చిన అమ్మాయికి భయమంతా అక్కడే ఉంటుంది. "నేను ఒక్క ఉత్తరం రాస్తే నీ వీసా పోతుంది" అన్న బెదిరింపు మేం ఎన్నిసార్లు విన్నామో! 2015 నుంచి కొందరు హెచ్-4 వాళ్ళకి ఉద్యోగం చేసే వీలు వచ్చింది, అందరికీ కాదు. హింసకి గురైన హెచ్-4 భార్యలకి వర్కు పర్మిట్ ఇవ్వొచ్చని 2005 నాటి చట్టంలో రాసుకున్నారు, కానీ దరఖాస్తు ఫారం బయటికి వచ్చేసరికి 2017 అయింది. చట్టం రావడం వేరు, అది మనిషి చేతికి అందడం వేరు. నేరానికి గురైనవాళ్ళకిచ్చే యు వీసాకి కూడా ఏటా పదివేల పరిమితి ఉంది, ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. ఇవన్నీ లాయరే చెప్పాలి, మేం కాదు. ఒక్కటి మాత్రం మేం చెప్పగలం. మన రాష్ట్రంలో కోర్టు నుంచి రక్షణ ఉత్తర్వు అడగడానికి వీసాతో పనిలేదు, ఫీజూ లేదు.

ఇక అసలు కథకి వస్తాను. ఆ మధ్య ఉగాది సంబరాలప్పుడు హాల్లో ఆడవాళ్ళ బాత్‌రూం తలుపుల లోపలి వైపు ఒక కాగితం అంటిస్తామని అడిగాం. కింద చింపుకోవడానికి వీలుగా చిన్న చిన్న ముక్కలు, వాటి మీద నంబరు మాత్రమే. పేరు ఉండదు, ఎందుకంటే పర్సులో ఎవరైనా చూస్తే ఆ అమ్మాయికే ముప్పు. కమిటీలో గంటన్నర చర్చ. "పండగ పూట ఇవెందుకమ్మా?" అన్నారు ఒక పెద్దాయన. "మనవాళ్ళలో ఇలాంటివి లేవండీ" అన్నారు ఇంకొకరు. చీరల లక్కీ డ్రాకి అయిదు నిమిషాల్లో ఒప్పుకున్న కమిటీయే ఇది!

ఆ మీటింగు మా ఇంట్లోనే. కొడుకు దగ్గరికి వచ్చిన నెల్లూరు జిల్లా పెద్దావిడ ఒకామె వంటింట్లోంచి అంతా విని బయటికొచ్చింది. "కాయితమే గదా నాయనా, అంటిస్తే గోడేమన్నా కూలిపోద్దా? మాకూ కాయితంతోనే మొదలైంది" అంది. ఆవిడ చెప్పేది సారా ఉద్యమం గురించని అక్కడి కుర్రాళ్ళకి అర్థం కాలేదు. పిల్లలూ, మీకూ తెలియకపోవచ్చు. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. రాత్రిబడిలో పలకలు పట్టిన కూలి ఆడవాళ్ళు పాఠంలో తాగుబోతు మొగుడి కథ చదివి, అది తమ కథేనని మాట్లాడుకున్నారు. 1992లో దూబగుంట ఆడవాళ్ళు ఊళ్ళో సారా అమ్మనివ్వలేదు. ఊరూరా పాకి, సారా వేలంపాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1995లో పూర్తి మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలించారు కూడా. దూబగుంట రోసమ్మ పేరు అప్పట్లో వినని ఇల్లు లేదు. పదవీ డబ్బూ లేని మనుషులు సాయంత్రం ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడంలో ఎంత బలముందో నాకు పుస్తకాల కన్నా ఆవిడే ఎక్కువ చెప్పింది.

కాగితాలు అంటించాం. ఒక్కో దానికి పన్నెండు ముక్కలు. రాత్రి హాలు ఊడుస్తూ చూస్తే ఒక తలుపు మీద ఏడు లేవు. ఎవరు తీసుకున్నారో మాకు తెలియదు. భోజనాల దగ్గర మాతో నవ్వుతూ పులిహోర వడ్డించుకున్నవాళ్ళే అయ్యుండాలి. "ఇలాంటివి లేవండీ" అన్నాయనకి ఆ సంగతి చెప్పాం. కాసేపు ఏమీ అనలేదు. సంక్రాంతికి మాత్రం ఆయనే టేపు తెచ్చారు.

పిల్లలకి ఒక మాట. ఇంట్లో గొడవ చూసి భయమేస్తే అది మీ తప్పు కాదు. మధ్యలోకి వెళ్ళొద్దు, వేరే గదిలోకి వెళ్ళి 911 చెయ్యండి. స్కూల్లో కౌన్సెలరుకి చెప్పొచ్చు. పోలీసులకి అమ్మ మాటలు మీరే ఇంగ్లీషులో చెప్పక్కర్లేదు, తెలుగు దుబాసీ కావాలని అడగండి. పెద్దవాళ్ళకి నేషనల్ హాట్‌లైన్ 1-800-799-7233 రాత్రీ పగలూ పనిచేస్తుంది, దుబాసీని కూడా వాళ్ళే కలుపుతారు.

చాలామంది చెక్కు రాస్తామంటారు, సంతోషమే. కానీ మాకు ఎప్పుడూ తక్కువయ్యేది కారు నడిపేవాళ్ళు, కోర్టు బయట రెండు గంటలు పసిపిల్లని ఎత్తుకుని కూర్చునేవాళ్ళు. మంగళవారం పొద్దుట ఖాళీ ఉన్నవాళ్ళు ఈసారి సంబరాల్లో కనిపించినప్పుడు నాకు చెప్పండి. కారు సీటు మేమే తెస్తాం.