డాక్టరు, నర్సు - ఈ రెండేనా?



మన హాస్టల్లో ఎవరిని అడిగినా పెద్దయ్యాక డాక్టరు అవుతాను, లేకపోతే నర్సు అవుతాను అంటారు. మంచిదే. కానీ ఆ సీటు రాకపోతే ఏం చేస్తావు అని అడిగితే ఎవరూ మాట్లాడరు. టెన్త్ అవగానే ఇంటికి వెళ్లిపోవడం, కాఫీ తోటల పనికి పోవడం, పెళ్లి చేసేసుకోవడం. మధ్యలో ఇంకో దారి ఉంది. దాని గురించి మనకి ఎవరూ గట్టిగా చెప్పడం లేదని నా అభిప్రాయం.

ఆస్పత్రి అంటే డాక్టరు ఒక్కరే కాదు. జ్వరం వస్తే వేలు గుచ్చి, రక్తం గాజు పలక మీద పూసి, రంగు వేసి, మైక్రోస్కోపులో చూసి ఇది మలేరియా అని తేల్చేది ల్యాబ్ టెక్నీషియన్. 1897 ఆగస్టులో రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులోనే దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టారు. ఆయన చూసింది కూడా మైక్రోస్కోపులోనే. జీలుగు చెట్టు మీంచి పడ్డవాళ్లకి ఎముక అతుక్కున్నా కాలు సాగదు. వాళ్లని మళ్లీ నడిపించేది ఫిజియోథెరపిస్టు. ఎక్స్‌రే తీసేవాళ్లు, డయాలసిస్ మిషను నడిపేవాళ్లు కూడా ఉంటారు. వీళ్లందరి చదువునీ అలైడ్ హెల్త్ అంటారు.

కొందరు ఇవి చిన్న పనులు అంటారు. నేను ఒప్పుకోను. పరీక్ష తప్పయితే డాక్టరు రాసే మందు కూడా తప్పవుతుంది కదా!

ఈ పనికి మనమే ఎందుకు కావాలో చెప్తాను. గిరిజన ప్రాంతాల్లో సికిల్ సెల్ జబ్బు ఉంది. దాన్ని 2047 నాటికి లేకుండా చెయ్యాలని కేంద్ర ప్రభుత్వం 2023 జులైలో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. 7 కోట్ల మందికి రక్త పరీక్ష చెయ్యాలని అనుకున్నారు. కానీ రక్తం తీయడానికి వస్తే మా ఊళ్లో ముసలివాళ్లు అడవిలోకి పోతారు. వచ్చినవాళ్లు చెప్పే తెలుగు వాళ్లకి అర్థం కాదు. అదే మన పిల్ల కువిలో "అవ్వా, ఒక్క చుక్కే" అని చెప్తే చెయ్యి చాపరా?

ఇప్పుడు ఒక హెచ్చరిక. మా పెద్దమ్మ కూతురు టౌనులో ఒకచోట ఆరు నెలల కోర్సు చేసింది. మేకలు అమ్మి ఫీజు కట్టారు. తీరా ఆ సర్టిఫికెట్టు చెల్లదన్నారు. 2021లో వచ్చిన చట్టం ప్రకారం అలైడ్ హెల్త్ డిప్లొమా అయినా, డిగ్రీ అయినా రెండేళ్లకి తక్కువ ఉండకూడదు. కనీసం 2,000 గంటలు చదవాలి. ఆరు నెలల్లో పట్టా ఇస్తామంటే నమ్మొద్దు. విజయవాడలో ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉంది. 1986లో పెట్టారు. అది ప్రభుత్వానిది. తెలంగాణ వాళ్లకి వరంగల్లో కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉంది. మన రాష్ట్రంలో ఎస్టీలకి 6 శాతం రిజర్వేషన్ ఉంది. స్కాలర్‌షిప్పు ఉంది. ఇంటర్లో బైపీసీ తీసుకోవాలి.

మరి మనవాళ్లు ఎందుకు వెళ్లడం లేదు? తెలివి లేక కాదు, కబురు అందక. నోటిఫికేషన్ ఇంటర్నెట్లో వస్తుంది. అప్పటికి మనం ఊళ్లో ఉంటాం. అక్కడ సిగ్నల్ ఉండదు. ఆధార్లో ఒక పేరు, స్కూలు రికార్డులో ఒక పేరు ఉంటుంది. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే. ఏ కాగితం ఎప్పుడు కావాలో మా అమ్మానాన్నలకి ఎలా తెలుస్తుంది?

అందుకే వార్డెన్ మేడమ్ గార్లకి మూడు విన్నపాలు.

1. టెన్త్ పరీక్షల ముందే మా కుల ధ్రువపత్రం, ఆధార్ పేర్లు సరిచేయించండి.

2. ఇంటర్ చదువుతున్న మన అక్కల పేర్లు, కబురు అందే ఫోను నంబర్లు ఒక పుస్తకంలో రాసి ఆఫీసులో పెట్టండి. నోటిఫికేషన్ రాగానే కబురు పంపండి.

3. సైన్సు ల్యాబులో మైక్రోస్కోపు మీద కప్పిన గుడ్డ తీసి, వారానికి ఒక్కరోజైనా మాకు చూపించండి.

తోటి విద్యార్థినులారా, డాక్టరు అవ్వాలనుకుంటే అవ్వండి. అవ్వకపోతే మాత్రం చదువు ఆపెయ్యకండి. ఆస్పత్రిలో ఇంకా చాలా కుర్చీలు ఉన్నాయి. వాటిలో మనవాళ్లు కూర్చోవాలి.

- ఒక విద్యార్థిని, తొమ్మిదవ తరగతి