తూకంలో దగా

సూరా ముతఫ్ఫిఫీన్ మనందరికీ తెలుసు. కొలతల్లో, తూకంలో దగా చేసేవాళ్లకు అల్లాహ్ గట్టి హెచ్చరిక చేసిన సూరా. అది వింటే మనకు కిరాణా కొట్టు, మటన్ దుకాణం యాదికొస్తాయి. నాకు మాత్రం ఈమధ్య నా మార్కుల రిజిస్టర్ యాదికొస్తోంది.

సర్కారీ బడిలో ఉస్తానీని. మా దగ్గర సీసీఈ లెక్కన ఏటా నాలుగు ఎఫ్ఏలు. పిల్లల భాగస్వామ్యం, రాతపని, ప్రాజెక్టు, స్లిప్ టెస్ట్. ఒక్కోదానికి ఐదు, మొత్తం ఇరవై. ఎన్నో ఏళ్లు ఆ ఇరవైకి పంతొమ్మిది కళ్లు మూసుకుని వేశాను. ప్రాజెక్టు జిరాక్స్ షాపులో తయారైందని తెలిసీ వేశాను. గరీబ్ పిల్లలు, పోనీలే, రహమ్ చేస్తున్నా అనుకున్నాను.

అది రహమ్ కాదు, జులుం.

మా క్లాసులో ఒక పాప. వాళ్లమ్మీ ఇంట్లో లక్క గాజులకు రాళ్లు అతికిస్తుంది. ఆరో తరగతి నుంచీ స్లిప్ టెస్టులో భిన్నాల లెక్కలు ఖాళీగా వదిలేసేది. నేను మార్కులు నింపేదాన్ని. ఎనిమిదిలోకి వచ్చాక ఓ రోజు అదే లెక్క ఉర్దూలో అడిగాను: డజను గాజుల్లో పావు వంతు విరిగితే ఎన్ని మిగులుతాయి? "నౌ, టీచర్" అంది టక్కున. ఆమెకు లెక్క రాక కాదు, ప్రశ్నలోని జబాన్ రాక. రెండేళ్ల ముందే నాకు తెలియాల్సిన సంగతి. కానీ నా రిజిస్టర్ ఆమెకు పంతొమ్మిది అంటోంది. ఇక ఎవరికి ఫికర్?

ట్రైనింగుల్లో కూర్చుని ఆలస్యంగా నేర్చుకున్నది ఇదే. నిసాబ్ అంటే టెక్స్ట్‌బుక్ కాదు, సంవత్సరం చివర బిడ్డ ఏం చేయగలగాలి అన్న ఇరాదా. ఇమ్తెహాన్ అంటే బిడ్డకు సజా కాదు, నా చదువు చెప్పడం ఎంతవరకు చేరిందో చూపే ఆయినా. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కూడా భయం లేని చదువు, నిరంతర సమగ్ర మూల్యాంకనం అనే చెప్పింది. వీలైనంతవరకు మాతృభాషలో బోధన అనీ చెప్పింది. మేం దాన్ని కాగితాలు నింపే పనిగా మార్చాం.

2019లో చట్టం మార్చి, ఐదు, ఎనిమిది తరగతుల్లో పిల్లల్ని ఆపే వీలు రాష్ట్రాలకు ఇచ్చారు. ఫెయిల్ చేస్తేనే చదువు వస్తుందనే సాహెబులకు ఒకటే సవాల్: ఆ పాపను ఎనిమిదిలో ఇంకో ఏడాది కూర్చోబెడితే ప్రశ్న ఉర్దూలోకి మారుతుందా? ఉత్త మార్కులు వేయడం, ఉత్తగా ఫెయిల్ చేయడం, రెండూ ఒకటే. రెండింట్లోనూ ఎందుకు రాలేదని ఎవరూ అడగరు.

ఈ మాట మన ఖౌమ్‌కి కొత్తా? హిఫ్జ్ చేసే పిల్లల్ని చూడండి. హాఫిజ్ సాబ్ రోజూ సబఖ్ వింటారు, కొత్తగా చదివింది సబ్ఖీగా, పాతది మంజిల్‌గా మళ్లీ వింటారు. తప్పు పోతే అక్కడే ఆపి సరిచేస్తారు. పాఠం పక్కా కాకుండా ముందుకు పోనివ్వరు. ర్యాంకు లేదు, ప్రోగ్రెస్ కార్డు లేదు. అర్థం కూడా అడిగితే ఇంకా బాగుండేది, అది వేరే బహస్. కానీ విని, సరిచేసి, మళ్లీ వినే ఆ పద్ధతి ఉందే, మాకు ట్రైనింగుల్లో చెప్పేది అదే.

అమ్మీలూ, అబ్బాలూ! బడి మీటింగుకి వచ్చి "ఎన్ని మార్కులొచ్చాయి?" అనే అడుగుతారు. పంతొమ్మిది అనగానే ఖుషీగా వెళ్లిపోతారు. ఈసారి మూడు సవాళ్లు అడగండి: నా బిడ్డకు ఏం రాదు? ఎందుకు రాదు? మీరేం చేస్తారు? జవాబు లేని టీచర్ ముందు నుంచి లేవకండి. నా ముందు నుంచి కూడా.

పోయిన ఎఫ్ఏలో ఆ పాపకు పదకొండు వేశాను. వాళ్లమ్మీ నారాజ్ అయింది. కూర్చోబెట్టి ఏది వచ్చో, ఏది రాదో చెప్పాను. ఇప్పుడు రోజూ అరగంట ఆగి, ప్రశ్నల్ని ఉర్దూలోంచి తెలుగులోకి మార్చుకోవడం నేర్పుతున్నాను. నా నౌకరీలో సరిగ్గా తూచిన మార్కులు బహుశా ఆ పదకొండే.